"పిల్ల మరీ చెక్కలా ఉంది" అన్నారు, ఆపరేషన్ చేయించుకుందామనుకుంటున్నా. ఎలా ఉంటుంది అక్కా?

ప్రశ్న: అక్కా, నాకు 27. మాది గాజువాక, సీతమ్మధారలో ఒక ప్రైవేట్ బ్యాంకులో చేస్తున్నా. ముందు నుంచీ నాకు ఛాతీ బాగా తక్కువ, ఎడమ వైపు ఇంకాస్త తక్కువ. కాలేజీ రోజుల్నుంచి ప్యాడెడ్ బ్రా లేకుండా బయటకి వెళ్లింది లేదు. మొన్న పెళ్లిచూపులకి వచ్చినావిడ కారెక్కుతూ "పిల్ల మరీ చెక్కలా ఉంది" అంది, నాకు వినపడింది. డబ్బులు దాచుకున్నాను, మాఘంలో మళ్లీ సంబంధాలు చూస్తారు, ఈలోపు బ్రెస్ట్ ఇంప్లాంట్స్ పెట్టించేసుకుందామని ఫిక్సయ్యా. నాలుగు రోజులు సెలవు పెట్టి ఫ్రెండ్ రూంలో ఉండి వచ్చేస్తా, ఇంట్లో తెలీకూడదు. నొప్పి ఎంత ఉంటుంది? నాలుగు రోజులు సరిపోతాయా? తర్వాత పిల్లలకి పాలు పడతాయా? క్యాన్సర్ వస్తుందంటున్నారు, నిజమేనా? పేరు వేయొద్దు ప్లీజ్.

జవాబు: నీ పేరు వేయనులే తల్లీ. ఆ కారెక్కినావిడ పేరు తెలిస్తే మాత్రం వేసేద్దును.

ముందు నా సంగతి చెప్పేస్తా, నేను డాక్టర్ని కాదు. వైజాగ్‌లోనే ఒక ప్రైవేట్ హాస్పిటల్లో ప్లాస్టిక్ సర్జరీ వార్డులో తొమ్మిదేళ్లు సిస్టర్‌గా చేశాను. అంచేత కత్తి పట్టుకునేవాళ్ల వైపు నుంచి కాదు, ఆపరేషన్ అయ్యాక రాత్రి రెండింటికి బెల్లు కొట్టేవాళ్ల వైపు నుంచి చెప్తా.

నువ్వు నాలుగు అడిగావు, నేను ఒకటి అడుగుతా. నీకు జడ ఎంత పొడుగు?

నవ్వకు, చెప్తా ఎందుకో. ఆపరేషన్ తర్వాత ఫస్టు వారం చేతులు భుజాల పైకి లేవవు. అంటే తల దువ్వుకోలేవు, జడేసుకోలేవు, బ్రా హుక్కు నీ అంతట నువ్వు పెట్టుకోలేవు, అలమర పై అరలో డబ్బా తీయలేవు, కుక్కర్ మూత గట్టిగా పట్టేస్తే లాగలేవు, మంచం మీంచి లేవాలన్నా చేతులు ఊని లేవకూడదు కాబట్టి ఎవరో ఒకరు వీపు వెనక చెయ్యి వెయ్యాలి. అనకాపల్లి నుంచి ఒక టీచరుగారు వచ్చేవారు, ఇద్దరు పిల్లలు పుట్టాక చేయించుకున్నారు. రెండో రోజు వాళ్లాయన పాపం ఆవిడ తల దువ్వడానికి కూర్చున్నాడు, ముప్పావు గంట కష్టపడ్డాడు, చివరికి అది జడలా లేదు, కొబ్బరితాడులా ఉంది. ఆవిడకి నవ్వొస్తోంది, నవ్వితే ఛాతీ పట్టేస్తోంది, "నవ్వించకండీ" అని కళ్లలో నీళ్లు. నేనే వెళ్లి మళ్లీ అల్లాను. కాబట్టి ఫ్రెండ్ రూం అంటున్నావు కదా, ఆ ఫ్రెండు పొద్దున్నే ఆఫీసుకి వెళ్లిపోతే నిన్ను ఎవరు లేపుతారు?

సరే, మొదట్నుంచి చెప్పుకుందాం. మొదటిసారి చూపించుకోడానికి వెళ్లినప్పుడు ఫోన్లో ఏదో ఫోటో చూపించి ఇలా కావాలి అంటే కుదరదు. నీ ఛాతీ వెడల్పు, చర్మం ఎంత సాగుతుంది, పైన ఎంత మందం కండ ఉంది ఇవన్నీ టేపుతో కొలిచి సైజు చెప్తారు, అది కప్పు సైజులో కాదు, సీసీల్లో. మా అమ్మమ్మ గిద్దె, సోల అని కొలిచేది, వీళ్లు సీసీ అంటారు, అంతే. ఒక సీసీ అంటే ఒక ఎంఎల్. వార్డులో మేం అందరికీ చెప్పే చిట్కా ఒకటుంది, పైసా ఖర్చు లేదు. కేకులు చేసేవాళ్ల దగ్గర ఎంఎల్ గీతలున్న కప్పు ఉంటుంది చూడు, దాంతో 250 ఎంఎల్ బియ్యం కొలిచి జిప్ కవర్లో పోసి, గాలి తీసేసి, అలాంటివి రెండు చేసి స్పోర్ట్స్ బ్రా లోపల పెట్టుకుని ఆదివారం రోజంతా ఇంట్లో తిరుగు. బట్టలు ఉతుకు, మేడ మెట్లు ఎక్కు, బోర్లా పడుకోడానికి చూడు. మర్నాడు 300 పోసి చూడు. అద్దంలో బావుందనిపించింది సాయంత్రానికి భుజాలకి బావుండకపోవచ్చు. నిజం ఇంప్లాంటు బియ్యం కంటే కాస్త బరువే తూగుతుంది, అదీ గుర్తుంచుకో. పెద్దవి కావాలని పంతం పట్టి వచ్చినవాళ్లలో ఈ బియ్యం మూటలతో దిగొచ్చినవాళ్లని చాలామందిని చూశాను.

ఎడమ కుడి తేడా అన్నావు కదా, కొద్దిపాటి తేడా మామూలే, అందరికీ ఉంటుంది. రెండు వైపులా వేరే వేరే సైజులు పెట్టి కొంత సర్దుతారు, కానీ స్కేలు పెట్టి గీసినట్టు సమానం అవ్వవు. అలా అవుతాయని ఎవరైనా మాటిస్తే అక్కణ్ణుంచి లేచి వచ్చేయ్.

ఇంప్లాంటు అంటే పైన సిలికాన్ తొడుగు, లోపల సిలికాన్ జెల్ గానీ ఉప్పునీళ్లు గానీ. దాన్ని పాలగ్రంథి వెనకైనా పెడతారు, ఛాతీ కండరం వెనకైనా పెడతారు. నీలాగ బక్కపల్చగా ఉన్నవాళ్లకి ఎక్కువగా కండరం కిందకి, లేదా సగం కండరం కిందకి పెడతారు, ఎందుకంటే పైన కప్పడానికి సరుకు లేకపోతే ఇంప్లాంటు అంచులు, ముడతలు బయటకి కనపడతాయి. కానీ కండరం కింద పెడితే నొప్పి ఎక్కువ. కోత చాలావరకు రొమ్ము కింద మడతలో ఉంటుంది, కొందరు చనుమొన చుట్టూ, కొందరు చంకలోంచి చేస్తారు. మనలో కొందరికి మచ్చలు గడ్డలు కట్టే గుణం ఉంటుంది, చెవులు కుట్టించుకున్న చోట గడ్డ లేచిన చరిత్ర మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే మర్చిపోకుండా డాక్టర్‌కి చెప్పు.

ఆపరేషన్ రోజు పొద్దున్న ఏమీ తినకూడదు. వేసుకునే మందులన్నీ ముందే చెప్పి ఉండాలి, యాస్పిరిన్, బ్రూఫెన్, విటమిన్ ఇ, చేప నూనె బిళ్లలు ఇలాంటివి రక్తం ఆగనివ్వవు కాబట్టి ముందే ఆపమంటారు. ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లే ముందు నిన్ను నిలబెట్టి మార్కర్ పెన్నుతో గీతలు గీస్తారు, పడుకుంటే ఆకారం మారిపోతుంది కాబట్టి నిలబెట్టే గీయాలి. ఏసీ గదిలో పైన బట్ట లేకుండా, ఆ చల్లటి పెన్ను ఒంటి మీద గీస్తుంటే చాలామంది ఆ నిమిషంలోనే భయపడతారు, ఆపరేషన్‌కి కాదు. ఆ టైంలో లేడీ సిస్టర్ పక్కన ఉండాలి, లేకపోతే అడుగు, అది నీ హక్కు. ఫోటోలు కూడా తీస్తారు, ఫైలు కోసం. సంతకాలు పెట్టే కాగితాల్లో ఆ ఫోటోలు ఇన్‌స్టాలో వాడుకోవచ్చు అని ఒక లైను ఉంటే కొట్టేసి సంతకం పెట్టు.

మత్తు పూర్తిగా ఇస్తారు, ఆపరేషన్ గంట నుంచి రెండు గంటలు. మెలకువ వచ్చాక నొప్పి అంటే కోసిన నొప్పిలా ఉండదు, ఛాతీ మీద ఎవరో రుబ్బురోలు పెట్టి మర్చిపోయినట్టు ఉంటుంది. గట్టిగా ఊపిరి తీయాలంటే భయం, దగ్గాలంటే భయం. మొదటి మూడు నాలుగు రోజులు మందులు టైముకి పడితే ఓర్చుకోగలిగేదే, ఆ తర్వాత రోజురోజుకీ తగ్గుతుంది. వీపు మీదే, తల వైపు రెండు మూడు దిళ్లు ఎత్తు పెట్టుకుని పడుకోవాలి, కొన్ని వారాలు బోర్లా అన్న మాటే లేదు.

ఇప్పుడు అసలు ఎవరూ చెప్పనిది, మూడో రోజు. వాపు అప్పుడు బాగా ఉంటుంది, ఇంప్లాంట్లు ఇంకా కిందకి దిగవు, గొంతుకి దగ్గరగా గుండ్రంగా గట్టిగా మెరుస్తూ ఉంటాయి, ఒకటి పైకి ఒకటి కిందకి ఉండొచ్చు, చనుమొనల దగ్గర తిమ్మిరి గానీ కరెంటు కొట్టినట్టు గానీ ఉంటుంది. నొప్పి మందులకి కడుపు కదలదు, నిద్ర ఉండదు. ఆ రోజు అద్దం ముందు నిలబడి "ఇవి నావి కావు సిస్టర్, తీసెయ్యమనండి" అని ఏడ్చినవాళ్లు ఎంతమందో. డబ్బు పోసి, ఇష్టపడి చేయించుకున్నవాళ్లే. ఆ పూట ఒళ్లో తల పెట్టుకునే మనిషి లేకపోతే చాలా కష్టం. ఆకారం ఒక కొలిక్కి రావడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మాఘంలో సంబంధాలు కాబట్టి ముందు నెల చేయించేసుకుంటా అంటే, మాఘానికి నువ్వు ఇంకా సర్జికల్ బ్రాలోనే ఉంటావు.

సెలవు విషయానికొస్తే నాలుగు రోజులు చాలవు. కుర్చీలో కూర్చునే ఉద్యోగమైనా వారం కనీసం, పది రోజులైతే హాయి. కానీ నీ సమస్య కుర్చీ కాదు, గాజువాక నుంచి సీతమ్మధార వెళ్లడం. బస్సులో పైన రాడ్ పట్టుకుని నిలబడి ఎన్ఏడీ జంక్షన్ దగ్గర డ్రైవర్ సడెన్ బ్రేక్ వేస్తే ఏమవుతుందో ఊహించుకో. స్కూటీ ఒక రెండు వారాలు ముట్టుకోకు, మెయిన్ స్టాండ్ వేయడం, వాటర్ క్యాన్ ఎత్తడం, గ్యాస్ బండ జరపడం ఆరు వారాల దాకా వద్దు. నడక మాత్రం మర్నాటి నుంచే మంచిది, అలాగని సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు మొక్కేసుకోకు. కుట్లు పూర్తిగా మానేదాకా బీచ్‌లో ఉప్పునీళ్లు తగలకూడదు. ఇంకోటి, మన ఊరి చెమట సంగతి నీకు తెలుసు, ఆ టైటు బ్రా రాత్రీ పగలూ వేసుకునే ఉండాలి, కింద మడతలో చెమట పట్టి కుట్లు నానిపోతాయి. రెండు మూడు బ్రాలు కొనుక్కుని మార్చుకుంటూ ఉండాలి, వీలైతే మే నెల వదిలేసి చలికాలం పెట్టుకో.

ఒక వైపు ఉన్నట్టుండి ఉబ్బిపోయి, గట్టిపడి, నొప్పి పెరిగిపోతే అది లోపల రక్తం గడ్డకడుతున్నట్టు, ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే జరుగుతుంది, అర్ధరాత్రి అయినా హాస్పిటల్‌కి పరుగెత్తాలి. జ్వరం, ఎర్రదనం, చీము అయినా అంతే. పిక్కలో నొప్పి, ఆయాసం వస్తే అసలు ఆలోచించకుండా వెంటనే హాస్పిటల్‌కి వెళ్లిపోవాలి. ఇవి తక్కువమందికే వస్తాయి, కానీ వచ్చినప్పుడు నువ్వు ఫ్రెండ్ రూంలో ఒక్కదానివే ఉండకూడదు.

పాలు. చాలామంది ఇవ్వగలుగుతారు. రొమ్ము కింద మడతలోంచి పెడితే గ్రంథి జోలికి పెద్దగా వెళ్లరు, చనుమొన చుట్టూ కోస్తే నాళాలు, నరాలు దెబ్బతినే ఛాన్స్ ఎక్కువ, అందుకని పిల్లలు కావాలనుకునేవాళ్లు ఈ మాట ముందే అడగాలి. కొందరికి అసలు గ్రంథే తక్కువ పెరిగి ఉంటుంది, వాళ్లకి ఆపరేషన్ లేకపోయినా పాలు తక్కువ పడొచ్చు, తర్వాత ఆ నింద ఇంప్లాంటు మీద పడుతుంది. కాన్పు అయ్యాక, పాలు మానిపించాక రొమ్ము ఎలాగూ మారుతుంది, జారుతుంది, అప్పుడు మళ్లీ సర్దించుకోవాలనిపించొచ్చు. నువ్వు రెండు మూడేళ్లలో పెళ్లి, పిల్లలు అనుకుంటున్నదానివైతే, "పిల్లలయ్యాక రావమ్మా" అనే డాక్టర్ కనపడితే ఆయన్ని అనుమానించకు, వ్యాపారం పోగొట్టుకుని మరీ చెప్తున్నాడన్నమాట.

క్యాన్సర్ మాట. మామూలు రొమ్ము క్యాన్సర్ ఇంప్లాంట్ల వల్ల పెరుగుతుందని తేలలేదు. కానీ ఇంకోటుంది, ఇంప్లాంటు చుట్టూ కట్టే పొరలో వచ్చే ఒక రకం లింఫోమా, అంటే రోగనిరోధక కణాల క్యాన్సర్. అరుదు, ఎక్కువగా గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్లకే వచ్చింది, పెట్టించుకున్న చాలా ఏళ్లకి ఒక వైపు నీరు చేరి ఉబ్బడంతో బయటపడుతుంది. అందుకే 2019లో అలర్గాన్ కంపెనీ బయోసెల్ అనే గరుకు రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఆ వార్త వచ్చిన వారం మాకు ఒకావిడ ఫోన్ చేసింది, "సిస్టర్, నాకు పెట్టింది ఏ కంపెనీ?" అని. ఇంప్లాంటు డబ్బాలో స్టిక్కర్లు వస్తాయి, కంపెనీ, సైజు, నంబరు అన్నీ ఉంటాయి, ఒకటి కేస్ షీట్‌లో అంటించాలి, ఒకటి పేషెంటు కార్డు మీద అంటించి ఇవ్వాలి. మా హాస్పిటల్లో ఆ కార్డులు ఇవ్వకుండా డ్రాయర్‌లో పడేసేవాళ్లు, నేనూ అందులో ఉన్నాను, ఒప్పుకుంటున్నా. ఆవిడ కేస్ షీట్ కోసం పాత రికార్డుల గదికి వెళ్తే చెదలు. ఆ ఫోన్‌కి ఏం చెప్పాలో ఈ రోజుకీ నాకు తెలీదు. ఫ్రాన్స్‌లో 2010లో పీఐపీ అనే కంపెనీ వైద్యానికి పనికిరాని ఇండస్ట్రీ సిలికాన్ నింపి అమ్మిందని బయటపడినప్పుడు కూడా ఎంతోమంది ముందు వెతుక్కున్నది ఆ వివరాల కోసమే. డిశ్చార్జి రోజు బిల్లు కట్టే ముందు కార్డు చేతిలోకి తీసుకో.

ఇది ఒకసారి పెట్టించేసుకుని మర్చిపోయే సరుకు కాదు. అమెరికాలో మందులు, వైద్య పరికరాల మీద నిఘా ఉంచే ఎఫ్‌డీఏ లెక్క ప్రకారం అందం కోసం పెట్టించుకున్నవాళ్లలో ఐదుగురిలో ఒకరి దాకా ఎనిమిది పదేళ్లలోపే తీయించుకోవాల్సి వస్తోంది. కారణం చాలాసార్లు చుట్టూ కట్టే పొర బిగుసుకుపోయి రొమ్ము రాయిలా అవ్వడం, లేదా జెల్ లోపల లోపలే కారడం. జెల్ కారినా పైకి ఏమీ తెలీకపోవచ్చు, అందుకని ఐదారేళ్లకి ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ తీయించమంటారు. కొందరు నీరసం, కీళ్ల నొప్పులు, మతిమరుపు అని చెప్తారు, దానికి ఒక టెస్టంటూ లేదు, తీయించేశాక తగ్గినవాళ్లు ఉన్నారు. రేపు నలభై దాటాక రొమ్ముకి తీసే ఎక్స్‌రే, అదే మామోగ్రామ్‌కి వెళ్తే లోపల ఇంప్లాంటు ఉందని ముందే చెప్పాలి, వాళ్లు ఇంకొన్ని యాంగిల్స్‌లో తీస్తారు.

డబ్బు కూడా అలాగే లెక్కేసుకో. అందం కోసం చేసే సర్జరీకి ఇన్సూరెన్స్ రాదు, పైగా 18 శాతం జీఎస్టీ. కొటేషన్‌లో ఇంప్లాంటు ఎంత, సర్జన్‌కి ఎంత, మత్తు డాక్టర్‌కి ఎంత అని విడివిడిగా రాయించుకో. సర్జన్ పేరు పక్కన ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ గానీ డీఎన్‌బీ ప్లాస్టిక్ సర్జరీ గానీ (కొత్తవాళ్లకి డీఆర్‌ఎన్‌బీ అని ఉంటుంది) డిగ్రీ ఉండాలి, "కాస్మెటిక్ స్పెషలిస్ట్" అని మాత్రమే ఉంటే చాలదు. క్రీములు, నూనెలు, పంపులు ఇవేవీ పెంచవు. ఇంజెక్షన్‌తో పెంచేస్తాం అనే పార్లర్ల గుమ్మం కూడా తొక్కకు.

ఇక ఆ కారెక్కినావిడ మాట. 1962లో అమెరికాలో హ్యూస్టన్‌లో మొట్టమొదటి సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకున్న టిమ్మీ జీన్ లిండ్సే అనే ఆవిడ ఆస్పత్రికి వెళ్లింది అసలు పచ్చబొట్టు తీయించుకోడానికి. ఇది ట్రై చేస్తావా అని డాక్టర్లు అడిగితే, నాకు చెవులు సరిచేయించుకోవాలని ఉంది అందట. అదీ చేస్తాం అన్నారు, సరే అంది. నాకు ఈ కథ ఎప్పుడు గుర్తొచ్చినా, ఆవిడకి కావల్సింది చెవులు కదా అనిపిస్తుంది. నీ ఉత్తరంలో రెండున్నాయి. ఒకటి కాలేజీ రోజుల్నుంచి ప్యాడ్ లేకుండా బయటకి రాలేకపోవడం, అది నీది. రెండోది కారెక్కినావిడది. మొదటి దాని కోసం చేయించుకుంటానంటే నేను వద్దనను, సంతోషంగా ఉన్నవాళ్లని కళ్లారా చూశాను, ఆ టీచరుగారు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తారు. రెండో దాని కోసమైతే, ఆ సంబంధం ఎలాగూ పోయింది, డేటు కనీసం ఒక ఆరు నెలలు జరుపు, అప్పటికీ కావాలనిపిస్తే వెళ్లు. చేసుకోబోయేవాడికి చెప్పాలా అంటే, అది నీ ఇష్టం, నేనైతే చెప్తాను, జన్మంతా కింద మడతలో మచ్చ దాచుకుంటూ కాపురం చేయడం నా వల్ల కాదు.

అమ్మకి మాత్రం చెప్పు. రామ్‌నగర్‌లో హాస్పిటళ్లున్న సందుల్లో మనకి తెలిసినవాళ్లు ఎదురుపడకపోవడం ఎప్పుడైనా జరిగిందా? వేరేవాళ్లు చెప్పే ముందు నువ్వే చెప్పడం మేలు. ఎదురుగా కూర్చుని చెప్పలేవు, నాకు తెలుసు. ఆదివారం తలకి నూనె రాయించుకోడానికి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంటావు కదా, నీ మొహం అటు తిరిగి ఉంటుంది, అప్పుడు చెప్పు. "ఏటే, ఏటన్నావు?" అని జడ పట్టుకుని ఒక గుంజు గుంజుతుంది, గుంజనీ. ఆ రెండు కవర్లలో బియ్యం ఎందుకు పోసి పెట్టావో కూడా అప్పుడే చెప్పేయ్, లేకపోతే రాత్రికి కుక్కర్లో పోసేస్తుంది.